ఏక పరమాణు ఉత్ప్రేరకాలు: పాదరసం స్థానంలో బంగారం

బోరుబావి నుంచి చేనికి నీరు మోసే గొట్టం, బిందు సేద్యంలో భూమిలో పూడ్చే ప్రధాన, ఉప ప్రధాన గొట్టాలు చాలా వరకు పీవీసీతో తయారైనవే. నీటి యాజమాన్యంపై జరిగే ప్రతి శిక్షణలోనూ వాటి వ్యాసం, అవి తట్టుకునే పీడనం, వాటిలో తగ్గిపోయే నీటి ఒత్తిడి చర్చకు వస్తాయి. ఆ ప్లాస్టిక్ ఏ రసాయన చర్య ద్వారా పుట్టిందన్న ప్రశ్న మాత్రం సాధారణంగా రాదు. ప్రపంచంలో తయారయ్యే పీవీసీలో గణనీయమైన భాగం వెనుక ఇప్పటికీ పాదరసం ఉంది. ఆ పాదరసాన్ని తొలగించే ప్రయత్నంలో ఉత్ప్రేరక శాస్త్రం ఒక కొత్త మార్గంలో అడుగుపెట్టింది. ఘన పదార్థంపై ఒక్కొక్క లోహ పరమాణువును విడివిడిగా నిలిపి, ఆ ఒక్క పరమాణువు చేతనే రసాయన చర్య జరిపించడం ఆ మార్గం. వీటినే ఏక పరమాణు ఉత్ప్రేరకాలు అంటున్నారు. ప్రయోగశాల పత్రాలలో ఈ మాట విరివిగా కనిపిస్తున్నా, కర్మాగారం దాకా వెళ్లిన ఉదాహరణలు కొద్ది. వాటిలో ముఖ్యమైనది పీవీసీ తయారీకి చెందినదే.

కార్బైడు నుంచి గొట్టం వరకు

పీవీసీ అంటే వినైల్ క్లోరైడు అణువులు గొలుసుగా కలిసిన పాలిమర్. వినైల్ క్లోరైడును రెండు మార్గాలలో తయారు చేస్తారు. పెట్రోలియం, సహజవాయువులు చవకగా లభించే దేశాలు ఇథిలీన్ నుంచి మొదలుపెడతాయి. బొగ్గు సమృద్ధిగా ఉండి చమురు తక్కువగా ఉన్న చైనాలో మాత్రం అధిక భాగం ఎసిటిలీన్ నుంచి వస్తుంది. సున్నాన్ని, కోక్ బొగ్గును విద్యుత్ కొలిమిలో దాదాపు 2000 డిగ్రీల సెల్సియస్ వద్ద కలిపితే కాల్షియం కార్బైడు తయారవుతుంది. దానికి నీరు తగిలితే ఎసిటిలీన్ వాయువు వెలువడుతుంది. కార్బైడు మన పాఠకులకు కొత్త పదార్థం కాదు. మామిడి కాయలను కృత్రిమంగా మాగబెట్టడానికి దొంగచాటుగా వాడుతున్నది, ఆహార భద్రతా నిబంధనలు నిషేధించినది ఈ కార్బైడే. ఎసిటిలీన్ కూడా పరిచయమున్నదే. వేరు బుడిపెలలో నత్రజని స్థిరీకరణ సామర్థ్యాన్ని అంచనా వేయడానికి విద్యార్థులు చేసే పరీక్షలో నైట్రోజినేజ్ ఎంజైము ఎసిటిలీన్‌ను ఇథిలీన్‌గా మార్చే వేగాన్నే కొలుస్తారు.

ఎసిటిలీన్‌కు హైడ్రోజన్ క్లోరైడు వాయువును చేరిస్తే వినైల్ క్లోరైడు వస్తుంది. చర్య చూడటానికి సులభమైనదే కాని ఉత్ప్రేరకం లేకుండా ఉపయోగపడే వేగంతో సాగదు. దశాబ్దాలుగా ఆ పని చేస్తున్నది ఉత్తేజిత బొగ్గు మీద పూసిన మెర్క్యూరిక్ క్లోరైడు. సంప్రదాయ రకంలో ఉత్ప్రేరకం బరువులో 10 శాతం, అంతకు మించి ఈ లవణమే ఉండేది. తరువాత వచ్చిన తక్కువ పాదరసపు రకాలలో అది 6 శాతం ప్రాంతానికి తగ్గింది. చిక్కు ఏమిటంటే, చర్య జరిగే ఉష్ణోగ్రత వద్ద ఈ లవణం కొద్ది కొద్దిగా ఆవిరై ఉత్ప్రేరకాన్ని వదిలిపోతుంది. వాయువుతో పాటు వెళ్లిన పాదరసం కడుగునీటిలో, ఆమ్ల వ్యర్థాలలో, పాతబడిన బొగ్గులో తేలుతుంది. అందులో కొంత పట్టుకోవచ్చు, కొంత తప్పించుకుంటుంది. పర్యావరణంలో చేరిన పాదరసం క్షీణించి మాయమయ్యేది కాదు. పురుగుమందు అవశేషాలకు అర్ధాయువు లెక్కించినట్లు ఒక మూలకానికి లెక్కించడం కుదరదు.

మినమాటా పాఠం

పాదరసాన్ని ఉత్ప్రేరకంగా వాడటం వల్ల ఏం జరగవచ్చో ప్రపంచానికి చూపినది జపాన్‌లోని మినమాటా పట్టణం. ఆ చరిత్రలో వ్యవసాయ శాస్త్రజ్ఞులు తప్పక గుర్తుంచుకోవలసిన అంశం ఒకటి ఉంది. అక్కడి చిస్సో కంపెనీ 1908లో ఎరువుల సంస్థగా పుట్టింది. దాని తొలి పేరుకు అర్థమే జపాన్ నత్రజని ఎరువుల కంపెనీ. కార్బైడుకు గాలిలోని నత్రజనిని పట్టించి కాల్షియం సయనమైడ్‌గా మార్చడం దాని తొలి వ్యాపారం. హేబర్-బాష్ పద్ధతి వ్యాపించక ముందు గాలి నత్రజనిని పైరుకు అందించిన మార్గాలలో ఇదొకటి. కార్బైడు చేతిలో ఉన్న సంస్థ ఎసిటిలీన్ రసాయనాల వైపు మళ్లడం సహజం. 1932 నుంచి పాదరస ఉత్ప్రేరకంతో ఎసిటిలీన్‌ను ఎసిటాల్డిహైడుగా మార్చసాగింది. ఆ చర్యలో ఉపఫలంగా ఏర్పడిన మిథైల్ పాదరసం వ్యర్థజలంతో సముద్రంలోకి చేరింది. చేపలలో పేరుకుపోయింది. వాటిని తిన్న పిల్లులు వణుకుతూ పడిపోయాయి. తరువాత మనుషుల వంతు వచ్చింది. 1956 మే 1న ఆ వ్యాధి అధికారికంగా నమోదైంది. 1959లో కుమమోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు సేంద్రియ పాదరసమే కారణమని తేల్చారు. ప్రభుత్వం ఆ విషయాన్ని అంగీకరించినది 1968లో. అప్పటి దాకా ఆ ఉత్ప్రేరకం పని చేస్తూనే ఉంది. అధికారికంగా గుర్తించిన బాధితులే 2000 మందికి పైగా ఉన్నారు.

కారణం తేలిన తరువాత కూడా తొమ్మిది సంవత్సరాలు గడిచిపోవడం ఈ చరిత్రలో అన్నిటికంటే కలవరపరిచే భాగం. చవకగా, నిలకడగా పనిచేసే ఉత్ప్రేరకాన్ని ఏ పరిశ్రమా తనంతట తాను వదులుకోదు. వదులుకోవాలంటే నిబంధన కావాలి, దానికి తోడు ప్రత్యామ్నాయమూ కావాలి. ఆ పట్టణం పేరు మీదనే కుదిరిన మినమాటా ఒప్పందం 2013లో ఆమోదం పొంది, 2017 ఆగస్టులో అమలులోకి వచ్చింది. ఎసిటాల్డిహైడు తయారీలో పాదరసానికి అది ముగింపు గడువు విధించింది. వినైల్ క్లోరైడు విషయంలో మాత్రం అలా చేయలేకపోయింది. యూనిట్ ఉత్పత్తికి వాడే పాదరసాన్ని 2010 స్థాయి నుంచి 2020 నాటికి సగానికి తగ్గించాలన్నది. పాదరసం లేని ఉత్ప్రేరకాలు సాంకేతికంగానూ ఆర్థికంగానూ సాధ్యమని సభ్యదేశాల సమావేశం నిర్ధారించిన ఐదేళ్లకు వాడకం పూర్తిగా ఆగాలని రాసుకుంది. అంటే నిషేధం తేదీని ఒక విధంగా ఉత్ప్రేరక శాస్త్రజ్ఞుల చేతిలో పెట్టినట్లయింది.

బంగారం ఎలా వచ్చింది

ప్రత్యామ్నాయాన్ని సూచించిన పరిశోధన ఒప్పందానికి చాలా ముందునాటిది. 1985లో దక్షిణాఫ్రికాలో పనిచేస్తున్న గ్రాహమ్ హచింగ్స్, అప్పటికి ప్రచురితమైన అనేక లోహ క్లోరైడుల ఫలితాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. లోహ అయానుల ప్రామాణిక ఎలక్ట్రోడ్ పొటెన్షియల్‌కు, ఈ చర్యలో వాటి క్రియాశీలతకు సంబంధం కనిపించింది. ఆ గీతను ముందుకు పొడిగిస్తే అందరికంటే ముందుండవలసినది బంగారం. కొద్ది సంవత్సరాలలో ప్రయోగం ఆ అంచనాను బలపరిచింది. బంగారం జడ లోహమని, ఉత్ప్రేరకంగా పనికిరాదని రసాయన శాస్త్రంలో స్థిరపడిన కాలమది. ఇతరుల దత్తాంశాలను కొత్త కోణంలో పేర్చి చూసి ఒక ప్రయోగాన్ని ముందుగా ఊహించడం పట్టభద్ర విద్యార్థులకు పరిచయం చేయదగిన పద్ధతి. కొత్త క్షేత్ర ప్రయోగం వేయడమే పరిశోధన అనుకునే ధోరణి మన దగ్గర కొంత ఎక్కువ.

అయినా కర్మాగారం చేరడానికి ఇంకా మూడు దశాబ్దాలు పట్టింది. మొదట బంగారాన్ని ద్రవరాజంలో కరిగించి బొగ్గు మీద ఎక్కించేవారు. గాఢ ఆమ్లాలతో పెద్ద ఎత్తున పని చేయడం ప్రమాదకరం, ఖరీదు. పైగా చర్య సాగే కొద్దీ బంగారు అయానులు ఎలక్ట్రానులు గ్రహించి లోహంగా మారి, ఒకదానితో ఒకటి కలిసి రేణువులై నిస్తేజమయ్యేవి. జాన్సన్ మాథీ సంస్థ, కార్డిఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కలిసి థయోసల్ఫేటుతో బంధించిన బంగారు సంక్లిష్టాన్ని ఎంచుకున్నారు. అది నీటిలోనే కరుగుతుంది, ద్రవరాజం అక్కరలేదు. గంధకంతో ఏర్పడిన బంధం బంగారాన్ని అయాను రూపంలో నిలిపి ఉంచుతుంది. ఈ ఉత్ప్రేరకంలో బంగారం 0.25 శాతానికి మించదు. 2015 నాటికి అది వాణిజ్య రూపం దాల్చింది.

అయితే ఆ బొగ్గు మీద పని చేస్తున్నది ఏ రూపంలోని బంగారం? చిన్న రేణువులా, వాటి అంచులా, విడి అయానులా? ఈ వివాదానికి 2017లో సమాధానం దొరికింది. చర్య జరుగుతున్న సమయంలోనే సింక్రోట్రాన్ ఎక్స్-కిరణాలతో ఉత్ప్రేరకాన్ని పరిశీలించిన హచింగ్స్ బృందం, చురుకైన ఉత్ప్రేరకంలో బంగారం విడివిడి అయానులుగా, ఒకటి, మూడు ఆక్సీకరణ స్థితుల మధ్య ఉన్నదని చూపింది. లోహపు రేణువులు ఈ పనికి అవసరం లేదు. పరిశ్రమ చేతిలో అప్పటికే ఉన్నది ఏక పరమాణు ఉత్ప్రేరకమని ఆ విధంగా తేలింది. సిద్ధాంతం ముందు, వాడకం తరువాత అనే వరుస ఇక్కడ తలకిందులైంది.

ఒక్క పరమాణువు ఎందుకు

ఘన ఉత్ప్రేరకంలో చర్య ఉపరితలం మీదనే జరుగుతుంది. 10 నానోమీటర్ల లోహ రేణువులో సుమారు పదింట ఒక వంతు పరమాణువులు మాత్రమే ఉపరితలం మీద ఉంటాయి. మిగిలినవన్నీ లోపల ఊరక కూర్చున్నవే. రేణువును 2 నానోమీటర్లకు తగ్గిస్తే దాదాపు సగం బయటికి వస్తాయి. చివరికి ఒక్కొక్క పరమాణువుగా విడదీస్తే ప్రతిదీ పనిలో పాల్గొనగలదు. ప్లాటినం, రోడియం, బంగారం వంటి ఖరీదైన లోహాలకు ఇదే పెద్ద ఆదా. అంతకంటే విలువైన లాభం మరొకటి ఉంది. రేణువు మీద మూలల్లో, అంచుల్లో, చదునైన తలాల్లో రకరకాల స్థానాలుంటాయి, ఒక్కొక్కటి ఒక్కో రకమైన చర్యను నడుపుతుంది. అన్ని స్థానాలూ ఒకే విధంగా ఉంటే కోరిన పదార్థం ఎక్కువగా, వ్యర్థం తక్కువగా వస్తుంది. ద్రావణంలో కరిగే లోహ సంక్లిష్టాలకు ఈ గుణం మొదటి నుంచీ ఉంది. కాని వాటిని ఉత్పత్తి నుంచి వేరు చేయడం కష్టం. ఘన పదార్థం సౌలభ్యాన్ని, కరిగే ఉత్ప్రేరకం కచ్చితత్వాన్ని ఒకచోట తేవడం ఈ కొత్త శాఖ ఆశయం.

దీనికి ఆ పేరు స్థిరపడినది 2011లో. చైనాలోని దాలియన్ రసాయన భౌతిక సంస్థకు చెందిన జాంగ్ టావో, మరి ఇద్దరు సహ నాయకుల బృందాలు ఐరన్ ఆక్సైడు మీద 0.2 శాతం లోపు ప్లాటినాన్ని విడి పరమాణువులుగా నిలిపి, కార్బన్ మోనాక్సైడును ఆక్సీకరించి చూపాయి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఒక్కొక్క ప్లాటినం పరమాణువు ఒక్కొక్క చుక్కగా కనిపించింది. ఈ ఆలోచనకు పునాది వేసిన ఒక ప్రయోగం మాత్రం 2003 నాటిది. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో మరియా ఫ్లిట్జానీ-స్టెఫానోపులోస్ బృందం సీరియం ఆక్సైడు మీది బంగారాన్ని సయనైడు ద్రావణంతో కడిగింది. లోహపు రేణువులన్నీ కొట్టుకుపోయాయి, ఆక్సైడును అంటిపెట్టుకున్న కొద్దిపాటి అయానులు మాత్రం మిగిలాయి. క్రియాశీలత తగ్గలేదు. అంతకాలం పని చేస్తున్నాయనుకున్న రేణువులు ప్రేక్షకులేనన్న మాట. మట్టి నమూనాలో మొత్తం జింకు వేరు, డీటీపీఏ ద్రావణం బయటికి తీసే లభ్య జింకు వేరు అని బోధించే ఉపాధ్యాయులకు ఈ ప్రయోగం తర్కం వెంటనే అందుతుంది.

పట్టి ఉంచేది ఏది

విడి పరమాణువు తనంతట తాను విడిగా ఉండదు. వేడి తగిలితే కదులుతుంది, మరొకటి ఎదురైతే కలిసిపోతుంది. అందువల్ల లోహాన్ని ఎంచుకోవడం ఎంత ముఖ్యమో, దానిని పట్టి ఉంచే ఆధారాన్ని రూపొందించడం అంతే ముఖ్యం. ఆక్సైడు ఉపరితలంలో ఆక్సిజన్ లోపించిన ఖాళీలు, కార్బన్ పొరలో చేర్చిన నత్రజని పరమాణువులు, గంధకం, క్లోరిన్ వంటివి లోహానికి కట్టుగొయ్యలుగా పనిచేస్తాయి. నాలుగు నత్రజనుల మధ్య కూర్చున్న ఇనుము లేదా కోబాల్టు నేటి పరిశోధన పత్రాలలో తరచుగా కనిపించే నమూనా. పత్రహరితంలో మెగ్నీషియం, లెగ్‌హీమోగ్లోబిన్‌లో ఇనుము సరిగ్గా అటువంటి నాలుగు నత్రజనుల నడుమనే ఉన్నాయి.

ప్రకృతిలో ఇటువంటి ఏర్పాటుకు జింకు ఇంకా మంచి ఉదాహరణ. కార్బోనిక్ ఎన్‌హైడ్రేజ్ ఎంజైము క్రియాస్థానంలో ఉండేది ఒక్క జింకు పరమాణువు. ఈ కుటుంబంలోని వేగవంతమైన ఎంజైములు సెకనుకు పది లక్షల వరకు కార్బన్ డై ఆక్సైడు అణువులను మార్చగలవు. అదే జింకును ప్రోటీన్ నుంచి తీసివేస్తే ఆ వేగం ఉండదు. చుట్టూ ఉన్న హిస్టిడిన్‌లు దానిని ఏ కోణంలో, ఎంత బలంతో పట్టుకున్నాయన్నదే దాని శక్తి. ఈ పట్టు మరీ గట్టిగా ఉండకూడదు, మరీ వదులుగానూ ఉండకూడదు. సున్నం అధికంగా ఉన్న నల్లరేగడిలో వేసిన జింకు సల్ఫేటు నేల పట్టులో చిక్కి పైరుకు అందకపోవడం, చీలేటు రూపంలో వేసినది అందడం విస్తరణ శాస్త్రవేత్తలు నిత్యం చూసే సంగతే. ఉత్ప్రేరకంలోనూ సమస్య ఇదే. పరమాణువును అన్ని వైపుల నుంచి బిగిస్తే చర్యకు వచ్చే అణువుకు చోటు మిగలదు.

ఈ పట్టు కోసం లోహం మోతాదును తక్కువగా ఉంచవలసి వస్తుంది. మోతాదు పెంచితే పరమాణువులు దగ్గరపడి కలిసిపోతాయి, తగ్గిస్తే ఒక ఘనపు మీటరు ఉత్ప్రేరకం నుంచి వచ్చే ఉత్పత్తి చాలదు. బంగారానికి బదులు ప్లాటినాన్ని నత్రజని చేర్చిన కార్బన్ మీద విడి పరమాణువులుగా నిలిపి వినైల్ క్లోరైడు తయారు చేసే ప్రయత్నాలు జ్యూరిక్‌లోని ఈటీహెచ్ సంస్థలో జరిగాయి. తొలి వేగంలో బంగారానికి వెనుకబడినా నిలకడలో ప్లాటినం మేలనిపించింది. పరిశ్రమకు తొలి గంట వేగం కంటే వేల గంటల నిలకడ ముఖ్యం. పరిశోధనా స్థానంలో రికార్డు దిగుబడి ఇచ్చిన వంగడం మూడో సంవత్సరం రైతు పొలంలో తెగులుకు లొంగిపోతే ఎవరూ దానిని సిఫారసు చేయరు. ఉత్ప్రేరకాల పత్రాలను చదివేటప్పుడూ అదే కొలబద్ద వాడవచ్చు. ఎన్ని గంటలు నడిపారు, ఎంత లోహం జారిపోయింది, శుద్ధి చేయని వాయువుతో పరీక్షించారా అన్నవి మొదట వెతకాలి. చాలా పత్రాలలో ఇవి దొరకవు.

అమోనియా విషయంలో జాగ్రత్త

ఈ శాఖ గురించి చదివే వ్యవసాయ విద్యార్థికి మొదట తట్టే ప్రశ్న, ఏక పరమాణువులతో అమోనియాను తక్కువ ఉష్ణోగ్రతలో తయారు చేయలేమా అన్నది. నేటి హేబర్-బాష్ కర్మాగారాలు 400 నుంచి 500 డిగ్రీల వద్ద, వందకు పైగా వాతావరణ పీడనాలలో ఇనుప ఉత్ప్రేరకంతో నడుస్తాయి. నత్రజని అణువులోని త్రిబంధాన్ని తెంచడానికి ఇనుము ఉపరితలం మీద పక్కపక్కనున్న అనేక పరమాణువులు కలిసి పని చేయాలి. ఉపరితల రసాయన చర్యల అధ్యయనానికి 2007లో నోబెల్ బహుమతి అందుకున్న గెర్హార్డ్ ఎర్ట్ల్ పరిశోధనలలో ఈ చర్యది ప్రధాన స్థానం. ఒంటరి పరమాణువుకు ఆ పొరుగు సహాయం ఉండదు. కాబట్టి అది బంధాన్ని ఒక్కసారిగా తెంచకుండా, హైడ్రోజన్‌ను అంచెలంచెలుగా చేర్చే వేరే దారి పట్టాలి. ఆ దారిలో నత్రజనిని విద్యుత్తుతో అమోనియాగా మార్చామని చెప్పే పత్రాలు వెల్లువగా వచ్చాయి. అనేక సందర్భాలలో కొలిచిన అమోనియా గాలి నుంచో, చేతి తొడుగుల నుంచో, నత్రజని సిలిండరులోని మలినాల నుంచో వచ్చినదన్న అనుమానం బలపడింది. 2019లో డెన్మార్క్, అమెరికా, బ్రిటన్ శాస్త్రజ్ఞులు ఒక కఠిన పరీక్షా పద్ధతిని ప్రకటించారు. శుద్ధి చేసిన నత్రజని-15 వాయువుతో అదే ఫలితం, అదే పరిమాణంలో రావాలన్నది దాని సారం. యూరియా వినియోగ సామర్థ్యాన్ని తేల్చడానికి ఎన్-15 గుర్తు వేసిన ఎరువును దశాబ్దాలుగా వాడుతున్న నేల శాస్త్రజ్ఞులకు ఇది తెలిసిన క్రమశిక్షణే. అది లేని పత్రాన్ని నమ్మి, పొలంలోనే ఎరువు తయారవుతుందని రైతులకు చెప్పడం తొందరపాటు.

వినైల్ క్లోరైడు విజయానికీ హద్దులున్నాయి. పాదరసం పోయినా కార్బైడు కొలిమి మింగే విద్యుత్తు, వెలువరించే కార్బన్ డై ఆక్సైడు అలాగే ఉంటాయి. బంగారానికీ ఒక చేదు చరిత్ర ఉంది. మనుషుల కార్యకలాపాల వల్ల గాలిలో చేరే పాదరసానికి ప్రపంచంలో అతిపెద్ద వనరు చిన్నతరహా బంగారు గనుల తవ్వకమే. పాదరసం లేని ఉత్ప్రేరకం కోసం పాదరసంతో తీసిన బంగారాన్ని వాడితే లెక్క ఎక్కడికక్కడే ఉండిపోతుంది. అందువల్ల అరిగిన ఉత్ప్రేరకాన్ని వెనక్కు తీసుకుని, బొగ్గును కాల్చి బంగారాన్ని రాబట్టి మళ్లీ వాడే ఏర్పాటు ధర దృష్ట్యానే కాక నైతికంగానూ తప్పనిసరి.

వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు ఈ రంగంలో నేరుగా పని ఉన్న చోటు ఆధార పదార్థం. ఉత్తేజిత బొగ్గును గని బొగ్గు నుంచే కాక కొబ్బరి చిప్పల నుంచి కూడా తయారు చేస్తారు. వరి ఊక, వేరుశనగ పొట్టు, పత్తి కట్టె, కంది కట్టెల నుంచి బయోచార్ తయారీపై మన దగ్గర విస్తృతంగా పరిశోధన జరుగుతోంది. ఆ బొగ్గులో మిగిలే నత్రజని, భాస్వరం, సిలికా, పొటాష్ పంటను బట్టి, వేసిన ఎరువును బట్టి, కాల్చిన ఉష్ణోగ్రతను బట్టి మారతాయి. లోహ పరమాణువుకు పట్టు దొరికే స్థానాలు వీటి మీదనే ఆధారపడతాయి. నేలలో వేయడానికి బయోచార్‌ను విశ్లేషించే విద్యార్థి దాని ధనాయాన వినిమయ సామర్థ్యాన్ని, ఉదజని సూచికను, బూడిద శాతాన్ని ఎలాగూ కొలుస్తాడు. అదే నమూనాలో నత్రజని ఏ రూపంలో ఉందో, ఎంత లోహాన్ని విడి పరమాణువులుగా పట్టి ఉంచగలదో రసాయన శాస్త్ర విభాగంతో కలిసి చూడటానికి మరొక పంట కాలం చాలు.